శనివారపు పచ్చ గుర్తు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను మదనపల్లెకు డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను పబ్లిక్ హెల్త్ నర్సుని. ఊళ్లలో తిరిగే ఏఎన్‌ఎంల మీద సూపర్వైజర్లుంటారు, ఆ సూపర్వైజర్ల మీద నేను. రిటైర్మెంటు దగ్గర పడిన వాళ్లని కదిలించరని మా శాఖలో ఒక నమ్మకం ఉంది. నా విషయంలో అది అబద్ధమైంది. ఆరోగ్య బీమాలో కొత్తగా ఒక ప్రయోగం పెడుతున్నారనీ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడుచోట్లా దాన్ని చూసుకోవాలనీ ఆర్డరులో రాశారు. మా భాషలో దాన్ని పైలట్ అంటారు. విమానంతో దానికి సంబంధం లేదు గాని, కింద నేల కనపడకుండా నడపడంలో మాత్రం పోలిక ఉందని తర్వాత నాకు అర్థమైంది.

ప్రయోగం ఏమిటంటే, షుగరున్న వాళ్లు దాన్ని అదుపులో పెట్టుకుంటే ప్రభుత్వం బహుమతి ఇస్తుంది. జబ్బు ముదిరాక ఆపరేషన్లకు బీమా డబ్బు కట్టేకంటే, ముదరకుండా చూసుకున్న వాళ్లకి ఏదో ఒకటి ఇవ్వడం మేలని పైవాళ్ల ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. మూడు నెలలకోసారి శిబిరం పెట్టి వేలి కొస గుచ్చి రక్తం చూస్తాం. అంకె హద్దు గీత లోపల ఉంటే ఫోనులోని యాప్‌లో ఆ మనిషి పేరు పక్కన పచ్చ గుర్తు, దాటితే ఎర్ర గుర్తు. శిబిరానికి రాకపోయినా ఎరుపే. కాలికి మానని పుండుంటే అంకె ఎంత బాగున్నా ఎరుపే. షుగరు అదుపులో ఉన్నవాళ్లకి పుళ్లు మానకుండా ఉండవు కదా అని ఆ నియమం.

బహుమతి మనిషికి కాదు, గుంపుకి. పదిమంది ఆడవాళ్ల సంఘం ఏడాది పొడుగునా, నాలుగు శిబిరాల్లోనూ పచ్చగా ఉంటే సంఘంలోని ప్రతి కుటుంబానికీ పెద్ద కార్డు వస్తుంది. మామూలు కార్డు మన రాష్ట్రంలోని ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది. పెద్ద కార్డుంటే బెంగళూరులోనూ చెల్లుతుంది. మదనపల్లె వాళ్లకి తలనొప్పి ముదిరినా బెంగళూరు బస్సే ఎక్కాలనిపిస్తుంది కాబట్టి ఈ బహుమతి విలువ నేను వాళ్లకి వివరించాల్సిన పని పడలేదు. ఒకరినొకరు పోరుకుంటారు, మాత్రలు మింగిస్తారు, పొద్దున్నే నడిపిస్తారు అని పైవాళ్లు లెక్కవేశారు. నిజంగానే పోరుకున్నారు. మొదటి నెలల్లో బైపాస్ రోడ్డు పొడుగునా తెల్లవారుజామునే చీరకొంగులు బిగించి నడిచే ఆడవాళ్లని చూసి నాకు కూడా ముచ్చటేసింది.

మార్కెట్ యార్డులో టమాటాలు ఏరే ఆడవాళ్ల సంఘం ఒకటుండేది. దాని లీడరు రమణమ్మ. గట్టి మనిషి, మాట కరుకు, చెప్పిన టైముకి అందర్నీ తోలుకొచ్చేది. ఆమె భర్తకి గుండె కవాటం పాడైంది. చాలా ఏళ్ల కిందట బెంగళూరులో ఒకసారి ఆపరేషన్ చేశారు, మళ్లీ చెయ్యాలి. రెండోసారి గుండె తెరవడం కష్టం, మొదట చేసినచోటికే పొండి అని ఇక్కడి ఆస్పత్రులన్నీ చేతులెత్తేశాయి. అందుకని ఆమెకు పెద్ద కార్డు కావాలి. ఆ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. అదే సంఘంలో గంగులమ్మ కూడా ఉండేది. ఒంటరి మనిషి, రమణమ్మ పక్కింట్లోనే కాపురం. ఎప్పుడూ నవ్వు మొహం. సంఘంలో అందరికంటే పాత షుగరు ఆమెది.

మూడు శిబిరాలు వరసగా ఆ సంఘానికి పదికి పదీ పచ్చ గుర్తులే వచ్చాయి. మదనపల్లెలో చాలా సంఘాలు అంతే. కుప్పంలో మాత్రం ఎక్కడ చూసినా ఎరుపే. సమీక్షా సమావేశంలో ప్రోగ్రాం అధికారి మదనపల్లె సిబ్బందికి చప్పట్లు కొట్టించి, కుప్పం సిబ్బందికి మెమో ఇచ్చాడు. వయసులో నా కొడుకంత వాడు, చెడ్డవాడు కాదు. ఆయనకి అంకెలంటే నమ్మకం ఎక్కువ, అంతే. కుప్పం పోయి లోపమెక్కడుందో చూసిరమ్మని నాకు పని పడింది.

రామకుప్పం వైపు ఒక ఊళ్లో శిబిరానికి కూర్చున్నాను. జనం రావడమే ఆలస్యం. ముందురాత్రి ఏనుగులు రాగి చేలల్లో పడ్డాయట, ఊరంతా కాపలా కాసి అప్పుడే ఇళ్లకి చేరారు. అందరూ సంగటి తిని, మొహాలు కడుక్కుని, తీరిగ్గా వచ్చారు. అందరికీ అంకెలు ఎక్కువే. మా యాప్‌లో అన్నం తిన్న తర్వాత ఉండాల్సిన గీతే పెట్టారు కాబట్టి అది నిఖార్సైన లెక్క. కుప్పం ఏఎన్‌ఎంలో నాకు లోపమేమీ కనపడలేదు. ఆమె మెమో చేతిలో పట్టుకుని, వాళ్ల షుగరుకు నాకు మెమో యాల ఇచ్చినారు మేడం అని అడిగింది.

తిరుగు దారిలో పుంగనూరులో ఆగాను. అక్కడ మా సంఘాల్లో ముస్లిం ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లకి రెండు శిబిరాలు ఎరుపొచ్చి, మూడోదానికి ఉన్నట్టుండి పచ్చ వచ్చింది. ఎట్లా తగ్గించుకున్నారని బీబీజాన్ అనే ఆమెని అడిగితే పకపకా నవ్వింది.

"మేమేం తగ్గించలేదు మేడం. మీరొచ్చింది రంజాన్ నెలలో. రోజాలో సూది ఏస్తే హరా ఇచ్ ఆతా, పచ్చే వస్తాది! కడుపులో ఏమన్నా ఉంటే గదా ఎక్కేదానికి."

అక్కడే నాకు మదనపల్లె సంగతి వెలిగింది. మదనపల్లెలో మా శిబిరాలన్నీ శనివారం. యార్డు పనికి ఇబ్బంది లేకుండా, సంఘం మీటింగు రోజే పెట్టుకుంటామని వాళ్లే అడిగితే సరేనన్నాం. మా వైపు ఆడవాళ్లకి శనివారం ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టి, పగలంతా ఏమీ ముట్టకుండా, పొద్దుగూకాక ఒక పూట తింటారు. మరి శిబిరంలో తినే వచ్చారా అని అడిగితే అందరూ తినే వచ్చినాం అనేవాళ్లు. నొసట నామం పెట్టుకుని, ఒక్కపొద్దు రోజు తిన్నామని దేవుడి ముందు అబద్ధం చెప్పాలంటే ఆ కార్డు మీద ఎంత ఆశ ఉండాలో ఆలోచించాను. కొందరు శుక్రవారం రాత్రి కూడా పస్తుండి, మాత్ర ఒకటికి రెండు మింగేవాళ్లని తర్వాత తెలిసింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటుంది, దాని ముందు ఈ ఆటలు సాగవు. ఖర్చెక్కువని ఆ పరీక్షని పైలట్ మొదట్లోనే కొట్టేశారు. కొట్టెయ్యొద్దని నేను అప్పుడే మీటింగులో అన్నాను. ఒకసారి ఖరారైన పైలట్‌లో మార్పులుండవని నా నోరు మూయించారు.

నాలుగో శిబిరం శనివారమే. బుధవారం నాడు ఎవరికీ చెప్పకుండా, మీటరు సంచిలో వేసుకుని, అన్నాలు తిన్న వేళ చూసుకుని టమాటా యార్డుకి పోయాను. సీజను కావడంతో యార్డంతా లారీలు, ఎర్రటి రాశులు. కుళ్లిన కాయల రసంలో కాలు పెట్టకుండా నడవడం కుదరదు. గంగులమ్మ రాశి పక్కన క్రేటు బోర్లించుకుని కూర్చుని కాయలు ఏరుతోంది. నన్ను చూసి కుడికాలు చీర కుచ్చిళ్ల లోపలికి లాక్కుంది. అప్పుడు నాకు తట్టింది. శిబిరంలో మేం పోయేసరికి ఆమె ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఉండేది. ఆమె నడవగా నేను చూడనే లేదు.

వేలు గుచ్చుతానంటే ముందు ఒప్పుకోలేదు.

"ఈ పొద్దు శనివారం కాదు గదమ్మా. ఇది లెక్కలోకి ఏసుకోరు గదా?"

వెయ్యనని మాటిచ్చాను. మీటరు అంకె చూపించలేదు. అది కొలవగలిగిన దానికంటే రక్తంలో చక్కెర ఎక్కువైతే అంకెకు బదులు ఎక్కువ అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. కాలు చూపించమన్నాను. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి దారంతో కట్టుకుంది. కవరు విప్పగానే వచ్చిన వాసన టమాటాల కుళ్లుది కాదు. బొటనవేలి మొదట్లో మొదలైన పుండు అరికాలు దాకా పాకింది, వేళ్లు రెండు నల్లబడ్డాయి. ఎన్నాళ్లుగా అంటే, సంకురాతిరి ముందర ఏదో ముల్లు కుచ్చుకునింది లేమ్మా, నొప్పేం లేదు అంది. షుగరు కాళ్లలో నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం. మా శిబిరంలో కాళ్లు చూసే నర్సు కూడా ఉండేది. కాకపోతే టైము కలిసొస్తుందని, ఎర్ర గుర్తు వచ్చినవాళ్ల కాళ్లే చూడమన్నారు. గంగులమ్మది పచ్చ గుర్తు కాబట్టి ఆమె కాలు మూడు శిబిరాల్లోనూ ఎవరూ చూడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, మా పథకం సరిగ్గా ఆ పని చేసింది.

ఇప్పుడే ఆస్పత్రికి పోదాం పద, ఆటో పిలుస్తాను అన్నాను. ఆమె కదల్లేదు.

"శనివారం అయిపోనీమ్మా. అడ్మిట్ అయితే శిబిరానికి రాలేను గదా, ఎరుపు పడతాది. మా రమణక్క మొగుని పానం ఈ శనివారం మింద ఉండాది. ఇన్నాళ్లు ఓర్సుకున్యా, ఇంగ మూడు దినాలు ఓర్సుకోలేనా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. యార్డు బయటికొచ్చి ప్రోగ్రాం అధికారికి ఫోను చేశాను. ఆస్పత్రిలో చేరిన మనిషిని రాలేదని ఎరుపు వెయ్యకుండా వదిలెయ్యడానికి వీలుందా అని అడిగాను. యాప్‌లో అలాంటి గడి లేదు మేడం అన్నాడు. గడి పెడితే ఎర్ర గుర్తు తప్పించుకోవడానికి అందరూ ఆ రోజే ఆస్పత్రిలో చేరతారట. ఆ మాట కూడా అబద్ధం కాదు, బీమాలో అంతకంటే ఘోరాలు నేను చూశాను. అయినా ఈ ఒక్క కేసు పైకి రాయండి అన్నాను. రాస్తానన్నాడు. రాశాడు కూడా. జవాబు వచ్చేసరికి అవసరం తీరిపోయింది.

సాయంత్రం రమణమ్మ ఇంటికి పోయాను. భర్త గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదట. మాట్లాడే ఓపిక లేక నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. రమణమ్మని బయటికి పిలిచి, గంగులమ్మ నువ్వు చెబితేనే కదులుతుంది, చెప్పు అన్నాను. పుండు సంగతి నీకు తెలుసా అని అడగలేదు. కుర్చీలో ముందే కూర్చోబెట్టింది ఎవరో నాకు అర్థమయ్యే ఉంది. ఆమె ఎంత కరుకు మనిషో అంత నెమ్మదిగా మాట్లాడింది.

"నేనేం సెప్పాలమ్మా? పో అంటే ఈయన పోతాడు. ఉండు అంటే దాని కాలు పోతాది. మీరు సదువుకున్నోళ్లు, మీరే సెప్పండి. యాది సెప్పమంటారు?"

కాలు ఒక్కటే కాదు, మనిషే పోవచ్చు అని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఒంట్లో అంత చీము ఉన్నప్పుడు ఒక్కపొద్దు కాదు కదా, వారం పస్తున్నా షుగరు దిగదు, శనివారం ఎరుపే వస్తుంది, మీరు దేనికోసం ఆగుతున్నారో అది ఎటూ రాదు అని. ఆమె నమ్మలేదు. మూడుసార్లు తగ్గింది, నాలుగోసారి యాల తగ్గదు అంది. మూడుసార్లూ పచ్చ వేసింది మేమే కాబట్టి ఆమె నమ్మకాన్ని తప్పుపట్టలేను. ఒప్పుకోని మనిషిని బలవంతంగా ఆస్పత్రికి ఎక్కించే అధికారం ఏ నర్సుకీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడి మందులు రాయించి, రోజూ ఇంటికిపోయి కట్టు మార్చాను. మార్చిన ప్రతిసారీ నలుపు ఇంకాస్త పైకి పాకింది. కట్టు కడుతున్నంతసేపూ గంగులమ్మ నాకు చెనక్కాయలు పెట్టమని పక్కింటికి కేకలేసేది.

శనివారం పొద్దున మేం సంఘం షెడ్డుకి చేరేసరికి గంగులమ్మ ఎప్పటిలాగే కుర్చీలో ఉంది. నొసట నామం, ఒళ్లు కాలిపోతున్న జ్వరం. మిగిలిన తొమ్మిదిమందికీ పచ్చ పడింది. ఆమె వంతు వచ్చింది. మీటరు ఫోనుకు కలిపి ఉంటుంది, అంకె మనం కొట్టేది కాదు, దానంతట అదే ఎక్కుతుంది. నేను సూది తీయగానే రమణమ్మ నాకూ కుర్చీకీ అడ్డంగా వచ్చి, తన చెయ్యి చాపింది. ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నా ఏలు కుచ్చమ్మా. నీకు పున్నెముంటాది."

నేను కుదరదన్నాను. ఈ విషయంలో నన్ను తప్పుపట్టిన వాళ్లున్నారు, నాకు మాత్రం ఇప్పటికీ తప్పనిపించదు. గంగులమ్మని ఆ మధ్యాహ్నమే ఆస్పత్రిలో చేర్చాలి. చేర్చాక బీమా వాళ్ల అనుమతి కావాలి, దాన్ని ప్రీ-ఆథరైజేషన్ అంటారు. పొద్దున పచ్చగా ఉన్న మనిషికి మధ్యాహ్నానికి కాలు ఎట్లా కుళ్లిందని వాళ్లు ఫైలు పక్కన పడేస్తారు. ఆ ఫైలు కదిలేదాకా ఆగే వ్యవధి ఆమెకు లేదు. గంగులమ్మా, రమణమ్మ భర్తా, ఇద్దరిలో ఎవరిని ఎంచుకోవాలో ఏ ట్రైనింగులోనూ నాకు చెప్పలేదు. నా కళ్ల ముందున్న మనిషిని ఎంచుకున్నాను. గంగులమ్మ వేలే గుచ్చాను. ఎర్ర గుర్తు పడింది.

గంగులమ్మ ఫోను వైపు, రమణమ్మ వైపు మార్చి మార్చి చూసి, నిన్న పొద్దుట్నించి ఏమీ తిన్లేదక్కా, నీ మింద ఒట్టు అని ఏడ్చింది. అంతకుముందు గాని, కాలు తీసేశాక గాని ఆమె ఏడవడం నేను చూడలేదు. రమణమ్మ ఆమె తల నిమిరి, ఆటో పిలవడానికి తనే రోడ్డు మీదికి పోయింది.

కాలు మోకాలి కింద తీసేశారు. మనిషి దక్కింది. ఆస్పత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. వార్డులో నేను చూడ్డానికి పోయినప్పుడు షుగరు ఎంతుందో చూడమని వేలు చాపింది. అన్నం తిన్న తర్వాత, అబద్ధం లేకుండా, గీత లోపలే ఉంది. ఏళ్ల తర్వాత ఆమె ఒంట్లో షుగరు మొదటిసారి నిజంగా అదుపులోకి వచ్చింది. ఇది శనివారం లెక్కలో ఏసుకోండమ్మా అని బతిమాలింది. వీలుకాదని చెప్పి బయటికొచ్చేశాను.

ఆ సంఘానికి ఏడాది లెక్క మళ్లీ మొదటికొచ్చింది. రమణమ్మ భర్త వానలు మొదలైన కొత్తలో పోయాడు. జరిగిందంతా పైకి నేను రాసిన నోటు ఫలితమో, మూడుచోట్లా ఆడిట్ చేసినందువల్లో, రెండో ఏడాది నియమాలు మారాయి. మూడు నెలల సగటు పరీక్ష పెట్టారు, అందరి కాళ్లూ చూడమన్నారు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ల కోసం యాప్‌లో గడి వచ్చింది. కుప్పం ఏఎన్‌ఎంకిచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, అవి మంచి మార్పులే. మాత్రలు సరిగ్గా వేసుకోవడం, డాక్టరుకి చూపించుకోవడం కూడా లెక్కలోకి వచ్చాయి. యార్డు సంఘం రెండో ఏడాది నాలుగు శిబిరాలూ దాటింది. చంకలో కర్ర పెట్టుకుని, సంగటి తిని మరీ వచ్చి, గంగులమ్మ నాలుగుసార్లూ పచ్చ తెచ్చుకుంది.

నా రిటైర్మెంటు నెలలోనే వాళ్లకి పెద్ద కార్డులు పంచాం. కార్డు మీద ఇంటి యజమాని ఫొటో ఉంటుంది, కుటుంబం వివరాలు పాత రేషను కార్డు నుంచి తీసుకుంటారు. రమణమ్మ కార్డు మీద ఆమె భర్త ఫొటో ఉంది. ఆమె దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, నా టేబులు దగ్గరకొచ్చింది.

"ఈయన్ని తీసేసి నా పేరు మింద మార్సేదానికి యాడికి పోవాలమ్మా?"

మరణ ధ్రువపత్రం, ఆధార్ నకలు తీసుకుని వార్డు సచివాలయంలో ఇవ్వాలని చెప్పాను. తల ఊపి, కార్డు కొంగున కట్టుకుని, గంగులమ్మకి చెయ్యి ఆసరా ఇచ్చి నడిపించుకుంటూ వెళ్లిపోయింది.

ఇంత సర్వీసులో నేను నేర్చుకున్న వాటిల్లో కొత్తవాళ్లకి చెప్పదగ్గది ఇది. ఆరోగ్యానికి బహుమతి పెట్టదలిస్తే, జబ్బు చూపించినందుకు పెట్టాలి, మందు వేసుకున్నందుకు పెట్టాలి. అంకె బాగున్నందుకు పెడితే, జనం అంకెను బాగుచేసి తెస్తారు, పుండును ఇంట్లో దాచిపెడతారు. అది వాళ్ల తప్పు కాదు. మనం అడిగింది అంకెనే.